చలికాలం చెప్పే వస్తుంది.. కారు ఖర్చుకు కార్డు అప్పెందుకు?

ప్రశ్న: రెండు నెలల క్రితం ఎనిమిదేళ్ల నాటి సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. ఈఎంఐ తక్కువ పడుతుందని, నాలుగు నెలల ఖర్చుల కోసం దాచుకున్న డబ్బంతా డౌన్‌పేమెంట్‌లో కలిపేశాను. చలికాలం మొదలయ్యేలోపు ఒకసారి చూపిద్దామని మెకానిక్ దగ్గరికి తీసుకెళితే పెద్ద లిస్టే రాసిచ్చాడు. నాలుగు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, కూలెంట్, టైమింగ్ బెల్ట్, ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, అడుగున తుప్పు పట్టకుండా కోటింగ్. అన్నీ కలిపితే నా నెలన్నర జీతం. అన్నీ పోను నెలకు జీతంలో ఐదో వంతు మిగులుతోంది. మరో పదో వంతు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాను. క్రెడిట్ కార్డుపై పెట్టి ఈఎంఐగా మార్చుకోమని ఒకరు, యాప్‌లో పర్సనల్ లోన్ తీసుకోమని మరొకరు చెబుతున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నదే ఇందుకు. మీరు చేసిన పొరపాటు చాలామంది చేస్తున్నారు, చేశాక కూడా అది పొరపాటని వాళ్లకు తెలియడం లేదు.

ఈఎంఐ తగ్గించుకోవడానికి అత్యవసర నిధిని డౌన్‌పేమెంట్‌లో పోయడం పైకి తెలివైన పనిలాగే కనిపిస్తుంది. వడ్డీ మిగులుతుంది కదా అనిపిస్తుంది. కానీ మిగిలింది కారు లోన్ వడ్డీ. ఇప్పుడు మీరు కట్టబోయేది కార్డు వడ్డీ. కార్డు మీద నెలకు 3 శాతం అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. బాకీ తీర్చకుండా వదిలేస్తే చక్రవడ్డీతో కలిపి ఏడాదికి 42 శాతం దాటుతుంది. యాప్ వాళ్లు చెప్పే ‘ఫ్లాట్ 10 శాతం’ కూడా అలాంటిదే. నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే లెక్క కడతారు కాబట్టి, ఏడాది అప్పు మీద అసలు వడ్డీ 18 శాతం దగ్గర తేలుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. తక్కువ వడ్డీ తప్పించుకోవడానికి ఉన్న డబ్బంతా ఊడ్చి ఇచ్చి, రెండు నెలలు తిరక్కుండానే ఎక్కువ వడ్డీకి చేయి చాస్తున్నారు. ఈ దారిలో వెళ్లకండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. చలికాలం అత్యవసరం కాదు. అది ఏటా అదే సమయానికి వస్తుంది. టైర్లు అరుగుతాయి, బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లలో మొరాయిస్తుంది, బ్రేక్ ప్యాడ్లు పలచబడతాయి. ఇవన్నీ కారు కొన్న రోజునే తెలిసిన ఖర్చులు. వాటికి వేరే ఖాతా ఉండాలి. ఉద్యోగం పోవడం, ఇంట్లో ఎవరో ఆసుపత్రి పాలవడం, ప్రమాదం జరగడం.. అత్యవసర నిధి ఉండేది వీటి కోసం. మీ దగ్గర ప్రస్తుతం రెండు ఖాతాలూ ఖాళీ. నాకు టెన్షన్ పుట్టిస్తున్నది మెకానిక్ లిస్టు కాదు, ఆ రెండో ఖాతా. రెండు నెలలు జీతం ఆగిందనుకోండి, ఇంటి ఖర్చులతో పాటు కారు ఈఎంఐ కూడా ఆగుతుంది. వాయిదాలు వరుసగా తప్పితే అప్పిచ్చినవాళ్లు బండి తీసుకెళ్లిపోతారు. మీ డౌన్‌పేమెంట్ కూడా దాంతోపాటే పోతుంది.

ఇక లిస్టు సంగతి. మెకానిక్ మోసం చేస్తున్నాడని నేను అనను. కానీ అతను రాసినవన్నీ ఒకే రోజు చేయించాల్సినవి కావు. మీ కార్డులో ఎంత లిమిట్ ఉందన్నది పక్కన పెట్టి, ఏది లేకపోతే ప్రాణం మీదికి వస్తుందో, ఏది లేకపోతే ఇంజిన్ పోతుందో చూసుకుని వరుస పెట్టుకోండి.

బ్రేకులు మొదట. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చేసి ఉంటే ఆలోచించొద్దు, మార్పించండి. తర్వాత కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. సెకండ్‌హ్యాండ్ కార్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత యజమాని వేసవిలో తగ్గినప్పుడల్లా మామూలు నీళ్లు పోసి ఉంటే, అది పలచబడిపోయి ఉంటుంది. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి రేడియేటర్, ఒక్కోసారి ఇంజిన్ బ్లాక్ కూడా పగులుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. లిస్టులో బాగా తక్కువలో అయిపోయే పని ఇదే, వదిలేస్తే మీ జేబుకు పెద్ద చిల్లు పెట్టేదీ ఇదే.

టైర్ల దగ్గర తొందరపడి నాలుగింటికీ ఒప్పుకోకండి. కారు పక్కన కూర్చుని టైరు గోడ మీద డాట్ (DOT) అన్న ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరుస వెతకండి. దాని చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3518 అని ఉంటే 2018లో 35వ వారం తయారైందని అర్థం. కొన్ని టైర్లలో ఆ అంకెలు లోపలి వైపు ఉంటాయి, టార్చి వేసి చూడాలి. గాడి లోతు కూడా కొలవండి. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం 1.6 మిల్లీమీటర్లే అయినా, తడి రోడ్డు మీద పట్టు అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మార్చడమే మంచిది. మీ దగ్గర మంచు కురిసి రోడ్ల మీద పేరుకుంటుందా? అయితే వింటర్ టైర్లు వేయాలి, అవి నాలుగూ ఒకేసారి వేయాల్సిందే. ఉత్త చలి, తడి మాత్రమే ఉంటే, అరిగిన రెండు మారిస్తే సరిపోవచ్చు. అప్పుడు కొత్తవి వెనక వేయించండి. టైర్ల గాలి కూడా చలికి దిగుతుంది, ప్రతి 5, 6 డిగ్రీలకు దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). అది చూసుకోవడానికి ఖర్చేమీ లేదు.

బ్యాటరీని పరీక్ష చేయకుండా మార్చకండి. చలికి దాని బలం తగ్గుతుంది, అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిరగడానికి ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండికి ఉదయం స్టార్ట్ చేయకముందే మల్టీమీటర్ పెట్టించండి. 12.6 వోల్టులు చూపిస్తే చార్జింగ్ నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగమే. లోడ్ టెస్ట్ (బరువు పడినప్పుడు బ్యాటరీ నిలబడుతుందో చూసే పరీక్ష) కూడా పాసైతే ఈ ఏడాది దాని జోలికి వెళ్లొద్దు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే ముందు అది శుభ్రం చేయించండి. కనెక్షన్ సరిగా లేకే బ్యాటరీ పోయినట్టు కనిపించడం మామూలే.

ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ టైమింగ్ బెల్ట్. దాన్ని మార్చడం ఖరీదైన పని, అయినా తేలిగ్గా తీసేయలేం. చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఇంజిన్ విప్పాల్సిందే. అలాగని మెకానిక్ మాట మీదే మార్చనూ వద్దు. మీ కారు మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకు, ఎన్నేళ్లకు మార్చాలో రాసి ఉంటుంది. కొన్ని ఇంజిన్లకు బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది. పాత యజమానిని అడిగి సర్వీస్ బిల్లులు సంపాదించండి. మార్చిన రుజువు దొరక్క, గడువు దాటి ఉంటే మాత్రం అది తప్పదు. డబ్బు చేతికొచ్చే వరకు కారు పక్కన పెట్టి బస్సులో వెళ్లండి. ఇబ్బందే, నాకు తెలుసు. అప్పు కన్నా ఆ ఇబ్బంది మేలు.

ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ ఇప్పుడు అక్కర్లేదు. కోటింగ్ కూడా ఆగుతుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే చోటైతే అడుగు భాగం తరచూ నీళ్లతో కడిగించండి.

డబ్బు ఎక్కడినుంచి? రికరింగ్ డిపాజిట్ రెండు నెలలు ఆపండి. మిగులుతున్న ఐదో వంతు, ఆ పదో వంతు కలిపితే రెండు జీతాలకు సగం నెల జీతం పైనే చేతిలో ఉంటుంది. బ్రేకులు, కూలెంట్ మొదటి జీతంలోనే అవ్వాలి. టైర్లు రెండో జీతంలో. ఆఫీసులో వడ్డీ లేని అడ్వాన్స్ దొరికితే, టైమింగ్ బెల్ట్ కోసం మాత్రమే తీసుకోవచ్చు. ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మజూపితే వద్దనండి, అరిగే భాగాలను అందులో సాధారణంగా కలపరు. కారు లోన్ ముందుగా తీర్చేద్దామన్న ఆలోచన ఏడాది వరకు మానుకోండి.

మూడో నెల నుంచి మిగులులో సగం కారు ఖాతాకు, సగం అత్యవసర నిధికి. రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లే పదో వంతు కూడా ముందు అత్యవసర నిధికే మళ్లించండి. ఒక నెల ఖర్చు, ఒక ఈఎంఐ జమ అయ్యాకే డిపాజిట్ మళ్లీ మొదలుపెట్టండి. మీ పాత లక్ష్యం నాలుగు నెలలు. ఇప్పుడు ఈఎంఐ తోడైంది కాబట్టి అందులో నాలుగు ఈఎంఐలు కూడా కలపాలి. ఆ డబ్బు ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో ఉంచండి. కారు ఏదైనా అడిగితే కారు ఖాతాలోంచే ఇవ్వండి, దీన్ని ముట్టుకోవద్దు.

బీమా గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. పాలసీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటే రేపు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. చలికాలం రోడ్ల మీదికి కారు తీసే ముందే పేరు మార్పించండి. అందులో సొంత కారుకు జరిగే నష్టం కూడా కవర్ అవుతోందా, క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన మొత్తం ఎంత అన్నది చూడండి. అత్యవసర నిధిలో మొదట జమ కావాల్సింది ఆ మొత్తమే.