బరువు తగ్గే సర్జరీ తర్వాత: జుట్టు మళ్లీ వస్తుంది, ముందు ఆ వాంతుల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఐదు నెలల క్రితం స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 86. షుగర్ మాత్రలు డాక్టరే ఆపేశారు, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. కానీ రెండు నెలలుగా దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులుగా ఊడొస్తోంది. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్ర విడిగా వాడుతున్నా ఆగడం లేదు. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతోంది. మూడు వారాలుగా బరువు కదలడం లేదు. విటమిన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని మానేశాను. నెల రోజులుగా వారంలో నాలుగైదుసార్లు తిన్నది వాంతి అయిపోతోంది, సర్జరీ తర్వాత ఇది మామూలే కదా అనుకుంటున్నాను. ఇంత తగ్గినా అద్దంలో లావుగానే కనిపిస్తున్నాను. పీరియడ్స్ ఇన్నేళ్లకు నెలనెలా వస్తున్నాయి. పిల్లల కోసం ఎప్పుడు ప్రయత్నించవచ్చు?

జవాబు: మీ బాధంతా జుట్టు గురించి, చర్మం గురించి. వాటి దగ్గరికి వస్తాను. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నేను ఆగిపోయింది మీరు మామూలుగా రాసేసిన రెండు మాటల దగ్గర. మాత్రలు మానేశారు, వాంతులవుతున్నాయి. ఈ రెండూ కలిస్తే మామూలు కాదమ్మా. ఈ వారంలోనే మీకు సర్జరీ చేసిన డాక్టర్‌ని కలవండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, విటమిన్ బి1 అనేదాన్ని మన శరీరం ఎక్కువగా దాచుకోలేదు. దాని నిల్వ కొన్ని వారాలకు మించి రాదు. మీరు తినేదే కొంచెం, అందులోనూ కొంత బయటికి వస్తోంది, మాత్రలూ లేవు. బి1 బాగా తగ్గితే దెబ్బ తగిలేది నరాలకు, మెదడుకు. కాళ్లలో తిమ్మిర్లు, నడుస్తుంటే తూలడం, ఒకటే వస్తువు రెండుగా కనిపించడం, మాటల్లో తికమక, మతిమరుపు... వీటిలో ఏ ఒక్కటి మొదలైనా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. సమయానికి ఇంజెక్షన్ పడితే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి దెబ్బతిని అలాగే ఉండిపోవచ్చు.

ఇంకో మాట, మీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. వాంతులతో నీరసపడి ఏ ఆస్పత్రికి వెళ్లినా, సెలైన్ పెట్టేముందే “నాకు బరువు తగ్గే సర్జరీ అయింది, విటమిన్లు మానేశాను” అని చెప్పాలి. బి1 తక్కువగా ఉన్న మనిషికి ముందు అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి పరిస్థితి చెయ్యి దాటుతుంది. మంచినీళ్లు కూడా నిలవకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, మూత్రం బాగా తగ్గినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

వాంతులు ఎందుకు అవుతున్నాయో కూడా తేల్చాలి. స్లీవ్ సర్జరీలో పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండులా సన్నటి గొట్టం. గబగబా తిన్నా, నమలకుండా మింగినా, తింటూ నీళ్లు తాగినా అది ఒప్పుకోదు. కాబట్టి మొదట మీరు ఎలా తింటున్నారో గమనించుకోండి. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అది పూర్తిగా మెత్తబడి దిగాకే రెండో ముద్ద. ఛాతీ మధ్యలో బిగబట్టినట్టు అనిపించిన క్షణమే ఆపేయాలి, ప్లేట్లో మిగిలింది రెండు ముద్దలే అయినా సరే. నీళ్లు తిన్న అరగంట తర్వాత. ఇవన్నీ పాటిస్తున్నా ఐదో నెలలో వాంతులు ఆగడం లేదంటే, ఆ గొట్టం ఎక్కడైనా ఇరుకైందేమో, మెలిక పడిందేమో ఎండోస్కోపీ చేసి, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న సన్నటి ట్యూబు పంపి చూడాలి. ఇరుకైతే ఎక్కువమందికి ఎండోస్కోపీతోనే బెలూన్ పెట్టి వెడల్పు చేస్తారు. వేగంగా బరువు తగ్గేవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు రావడం కూడా ఎక్కువే. తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తుంటే చెప్పండి, స్కానింగ్‌లో తెలిసిపోతుంది. అన్నిటికంటే ముందు ఇంట్లోనే ఒక ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. ఎందుకో చివర్లో చెప్తాను.

మాత్రల వాసన, వికారం నిజమైన ఇబ్బందే. అయినా దానికి దారులున్నాయి. మింగే మాత్ర బదులు నమిలేది, లేదా సిరప్ అడగండి. ఖాళీ కడుపుతో వద్దు. ఐరన్ చాలామందికి వికారం తెస్తుంది, దాన్ని పడుకునేముందు వేసుకుంటే కొందరికి తేలికగా ఉంటుంది. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. బి12ని ఒంట్లోకి చేర్చే పదార్థం తయారయ్యేది పొట్టలోనే. ఆ పొట్టే చాలావరకు తీసేశారు కాబట్టి బి12 నాలుక కింద పెట్టుకునే మాత్రగానో, ఇంజెక్షన్‌గానో తీసుకోవాల్సి రావచ్చు. ఇదంతా ఎన్నాళ్లు అంటారా? జీవితాంతం. కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ సర్జరీ రోజే మొదలైన బాధ్యత ఇది. రక్త పరీక్షలు కూడా మొదటి ఏడాది రెండు మూడుసార్లు, ఆ తర్వాత ఏటా ఒకసారి.

ఇక జుట్టు. ఊడటం మీకు మూడో నెలలో మొదలైంది. సరిగ్గా అప్పుడే మొదలవ్వాలి కూడా. సర్జరీ, ఒక్కసారిగా తగ్గిన తిండి ఒంటికి పెద్ద షాక్. అలాంటప్పుడు శరీరం గుండెకు, కండరాలకు కావాల్సింది ముందు చూసుకుని జుట్టు పెరుగుదలను పక్కన పెడుతుంది. ఆ రోజుల్లో ఆగిపోయిన వెంట్రుకలే రెండు మూడు నెలల తర్వాత కుచ్చులుగా రాలతాయి. కుదుళ్లు బతికే ఉంటాయి. వెలుతురులో అద్దం ముందు నిలబడి నుదుటి పైన పరీక్షగా చూడండి, పొట్టిగా, నిటారుగా నిలబడిన సన్నటి వెంట్రుకలు కనిపిస్తే అవి కొత్తవి. మామూలుగా ఎనిమిది, తొమ్మిది నెలలకల్లా ఊడటం తగ్గి, ఏడాది దాటేసరికి ఒత్తు తిరిగి వస్తుంది. ఏడాది తర్వాత కూడా ఊడుతుంటే మాత్రం ఐరన్ నిల్వలు, జింక్, థైరాయిడ్ చూడాలి.

బయోటిన్ లోపం లేనివాళ్లకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు. ల్యాబ్‌కి వెళ్లేముందు రెండు మూడు రోజులు ఆపండి, వాడుతున్న సంగతి డాక్టర్‌కి చెప్పండి. జుట్టుకు నిజంగా కావాల్సింది ప్రోటీన్, రోజుకు కనీసం 60 నుంచి 80 గ్రాములు. అందుకే ప్రతిసారీ ముందు ప్రోటీన్ ఉన్నదే తినండి. చోటు మిగిలితేనే తక్కినవి. వాంతులు ఆగనిదే ఈ లెక్క కుదరదు, చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం.

బరువు మూడు వారాలు ఆగిందని టెన్షన్ పడకండి. ఇది దాదాపు అందరికీ జరుగుతుంది, మళ్లీ దానంతటదే కదులుతుంది. తగ్గడం అనేది 12 నుంచి 18 నెలల వరకు సాగుతుంది. రోజూ తూకం చూసుకోవడం మానేయండి, వారానికి ఒక్కసారి చాలు.

చర్మం విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. ఏళ్ల తరబడి సాగిన చర్మం పూర్తిగా వెనక్కి రాదు. క్రీములతో రాదు. వ్యాయామంతో కింద కండ పెరిగి కొంత నిండుగా కనిపిస్తుంది, కండ కరిగిపోకుండా కూడా ఉంటుంది కాబట్టి అది తప్పక చేయండి. మడతల్లో చెమట నిలవకుండా తుడుచుకుని పొడిగా ఉంచండి. అక్కడ ఎర్రబడి దురద పెడితే ఫంగస్ కావచ్చు, మందుంది. వదులు చర్మం తీసేసే సర్జరీ బరువు కొన్ని నెలలపాటు ఒకేచోట నిలిచాకే చేస్తారు. మీరు పిల్లల్ని కనాలనుకుంటున్నారు కాబట్టి పొట్ట మీది చర్మం తీసే సర్జరీ కాన్పుల తర్వాతకు పెట్టుకోవడమే మంచిది, లేదంటే చర్మం మళ్లీ సాగుతుంది.

అద్దంలో ఇంకా లావుగానే కనిపిస్తున్నాను అన్నారు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. 40 కిలోలు తగ్గిన ఒక పేషెంట్ నా గదిలోకి వచ్చినప్పుడల్లా తలుపు సగమే తీసి ఉన్నా పూర్తిగా తెరిచి, పక్కకు తిరిగి వచ్చేవారు. మనిషి మారినా మెదడులో ఉన్న పాత కొలత మారలేదు. దానికి టైమ్ పడుతుంది. నెలకోసారి ఒకే డ్రెస్‌లో, ఒకే చోట నిలబడి ఫొటో తీసుకోండి. అద్దం చెప్పనిది ఆ ఫొటోలు చెప్తాయి. దిగులు రోజుల తరబడి వదలకపోతే, అద్దానికి ఎదురుపడాలంటేనే భయమేస్తుంటే సైకాలజిస్ట్‌ని కలవండి. సర్జరీ తర్వాత మనసుకు సాయం తీసుకోవడం కూడా చికిత్సలో భాగమే. ఈ సమయంలో మద్యం జోలికి మాత్రం వద్దు. ఇప్పుడది మీకు చాలా త్వరగా ఎక్కుతుంది, అలవాటయ్యే ప్రమాదమూ ఎక్కువే.

పిల్లల సంగతి. సర్జరీ అయిన 12 నుంచి 18 నెలల వరకు ఆగమంటాం. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు తల్లికే పోషకాలు చాలవు, బిడ్డకేం అందుతాయి? చిక్కేమిటంటే బరువు తగ్గగానే అండం విడుదల సరిగ్గా మొదలవుతుంది. మీ పీరియడ్స్ దారిలో పడింది అందుకే. అంటే ఇప్పుడు గర్భం వచ్చే అవకాశం మునుపటికంటే ఎక్కువ. ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోమన్నది అందుకే. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, వాంతులవుతున్నప్పుడు వాటిని నమ్ముకోవద్దు. కాపర్-టి లాంటివి మీకు కుదురుతాయేమో గైనకాలజిస్ట్‌ని అడగండి. ప్రయత్నం మొదలుపెట్టడానికి మూడు నెలల ముందు రక్త పరీక్షలు చేయించుకుని ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి, మోతాదు డాక్టర్ చెప్తారు. గర్భం వచ్చాక షుగర్ చూడటానికి గ్లూకోజ్ నీళ్లు తాగించే పరీక్ష ఒకటుంటుంది. మీలాంటి పొట్టకు అది పడకపోవచ్చు, తాగగానే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం రావచ్చు. దాని బదులు కొన్ని రోజులు ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో చూసుకునే పద్ధతి ఉంది. మొదటి విజిట్‌లోనే సర్జరీ సంగతి చెప్పి అది అడగండి.