గాజు బల్ల మీద మౌస్ మొరాయింపు

ప్రశ్న: కొత్తగా గాజు బల్ల కొన్నాం. దాని మీద మౌస్ ఎంత జరిపినా స్క్రీన్‌పై బాణం కదలదు, లేదంటే ఎటో దూకుతుంది. మౌస్ పాడైందా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మౌస్ బాగానే ఉందమ్మా, పేచీ అంతా బల్లతోనే. ఓసారి మౌస్‌ను తిరగేసి చూడండి. చాలావాటిలో అడుగున ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగులో ఓ బుల్లి కెమెరా బల్లను సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోలో కనిపించిన గరుకు, గీతలు తర్వాతి ఫొటోలో ఎటు జరిగాయో చిప్ పోల్చి చూసి, బాణాన్ని అటు జరుపుతుంది. నున్నటి గాజులో వెలుగు చాలావరకు కిందికి దూసుకుపోతుంది. ఇక పోల్చడానికేం మిగులుతుంది? (మౌస్‌ను కనిపెట్టిన ఎంగెల్‌బార్ట్ 1964 నాటి చెక్క మౌస్‌కు ఈ గొడవ లేదు, అడుగున రెండు చక్రాలుండేవి.) ప్యాడ్ కొనడం దండగ. పాత క్యాలెండర్ అట్ట వేసుకోండి, మెరిసే వైపు మాత్రం కిందికి ఉండాలి.