90ల నాటి పాప్ పాటలు ఇష్టపడాలంటే అప్పటికే పుట్టి ఉండాలా?

మీకు ఇరవై రెండేళ్లని, అలీషా చినాయ్, లక్కీ అలీ, కలోనియల్ కజిన్స్ పాటలంటే ప్రాణమని రాశారు. తిరుపతిలో ఇలాంటివి వినేవాళ్లు దొరుకుతారా, దొరికినా "నువ్వప్పుడు పుట్టనే లేదు గదబ్బా" అని పక్కన పెట్టేస్తారా అని అడిగారు. దొరుకుతారు. మేమే కొందరం బాలాజీ కాలనీ దగ్గర ఒక మిత్రుడి ఇంటి మేడ మీద వీలైనప్పుడల్లా ఆదివారం సాయంత్రం కలుస్తుంటాం. ఆ మాట అనేవాళ్లు ఎక్కడైనా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల కోసం మీరు వెనకాడకండి. మీ వయసువాళ్లు వచ్చాకే మా కూటమికి ప్రాణం వచ్చింది, ఇది మొహమాటానికి చెప్పడం లేదు.

ముందు మా ఊళ్లో ఈ పాటలు ఎలా చేరాయో తెలిస్తే పెద్దవాళ్లతో మాట కలపడం సులువు. గాంధీ రోడ్డు వైపు క్యాసెట్ షాపుల్లో ముందు వరసంతా సుప్రభాతం, అన్నమయ్య కీర్తనలే. యాత్రికులు కొనేవి అవి. ఆ వెనక సినిమా పాటలు. పాప్ కావాలంటే నోరు తెరిచి అడగాలి, అప్పుడు షాపాయన లోపలి అరలోంచి తీసేవాడు. కేబుల్లో ఛానెల్ వి, ఎంటీవీ లాంటి పాటల ఛానెళ్లు రావడం మొదలయ్యాక అడిగేవాళ్లు పెరిగారు. మద్రాసు దగ్గర కాబట్టి మాల్గుడి శుభ తమిళ పాప్ పాటలు బంధువుల బ్యాగుల్లో దిగేవి. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఈ తమిళ సంగతి అంతగా ఉండదు. మాకు మాత్రం హిందీ పాపూ తమిళ పాపూ ఒకే క్యాసెట్‌లో పక్కపక్కనే ఉండేవి.

ఒకే క్యాసెట్‌లో అని ఎందుకన్నానంటే, ఒరిజినల్ కొనే డబ్బులు చాలామంది దగ్గర ఉండేవి కావు. ఖాళీ క్యాసెట్ కొని, కాగితం మీద పాటల పట్టీ రాసి రికార్డింగ్ సెంటర్‌లో ఇస్తే కొన్నాళ్లకు ఎక్కించి ఇచ్చేవాళ్లు. సీ-60 అనే అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు ముప్పై నిమిషాలే. లెక్క చూసుకోకుండా ఎక్కిస్తే చివరి పాట సగంలో తెగిపోయేది. మా కూటమిలో ఒక అక్క దగ్గర అలాంటి క్యాసెట్ ఇంకా ఉంది. లక్కీ అలీ పాట రెండో చరణం మధ్యలో టక్కున ఆగిపోతుంది. ఇప్పుడు అదే పాట ఫోన్‌లో పూర్తిగా పెట్టినా సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి ముందుకు వెళ్తుంది, క్యాసెట్ తిప్పాలన్నట్టు. ఒక ఆదివారం డిగ్రీ చదివే కుర్రాడొకడు ఆ పాట విని, రెండో చరణం అయ్యాక వచ్చే గిటార్ బాగుందని దాని గురించే మాట్లాడాడు. ఆ గిటార్ అక్క క్యాసెట్‌లో లేనే లేదు. అంత కాలం ఆ పాటను గుండెల్లో పెట్టుకున్న మనిషికి, ఆ పాటలో కొత్త చోటు చూపించింది అప్పటికి పుట్టని పిల్లవాడు. ఆ రోజు ఆ పాటను మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాం.

అందుకే చెప్తున్నాను, మీరు వెళ్లగానే "అప్పటి పాటలే బాగుండేవి కదా సార్" అని మొదలుపెట్టకండి. ఆ మాటకు అందరూ అవునంటారు, తర్వాత చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. "ఈ పాట మీరు మొదట ఎక్కడ విన్నారు?" అని అడగండి. హాస్టల్లో ఎవరి టేప్‌రికార్డర్‌లో విన్నారో, టీవీలో ఆ వీడియో వస్తోందని ఎవరింటికి పరుగెత్తారో, ఆ క్యాసెట్ తీసుకున్నవాళ్లు తిరిగి ఇచ్చారో లేదో, అన్నీ బయటికొస్తాయి. ఆ తర్వాత మీరు విన్నది మీరు చెప్పండి. జ్ఞాపకం లేని చెవికి పాట వేరేగా వినిపిస్తుంది. బేస్ ఎలా నడుస్తోందో, వెనక కోరస్ ఎక్కడ అందుకుంటోందో మాకంటే మీకే ముందు తెలుస్తుంది. మాకు ఆ పాట వెంట మా కాలేజీ రోజులు కూడా వినిపిస్తుంటాయి మరి.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన పని. ఒరిజినల్ క్యాసెట్ డబ్బాలో మడతలు పెట్టిన కార్డు ఉంటుంది చూడండి, దాన్ని వదలకుండా చదవండి. బాణీ ఎవరు కట్టారు, మాటలు ఎవరివి, ఏ స్టూడియోలో రికార్డ్ చేశారు, అన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫోన్‌లో పాటలు వినే యాప్‌లలో ఇందులో సగం కనబడదు. 1995లో వచ్చిన అలీషా 'మేడ్ ఇన్ ఇండియా' అనగానే అందరికీ ఆమె, వీడియోలో మిలింద్ సోమన్ గుర్తొస్తారు. ఆ సంగీతం బిడ్డూది. ఆ పేరు పట్టుకుని వెనక్కి వెళ్తే 1981లో పాకిస్తానీ గాయని నాజియా హసన్‌కు ఆయన చేసిన 'డిస్కో దీవానే' ఆల్బమ్ తగులుతుంది. దాని వెనక 1980లో 'కుర్బానీ' సినిమా కోసం ఆమె పాడిన పాట, అప్పటికామెకు పదిహేనేళ్లు. ఇంకా వెనక్కి పోతే 1974లో కార్ల్ డగ్లస్ పాడిన 'కుంగ్ ఫూ ఫైటింగ్'. ప్రపంచమంతా మోగిన ఆ పాటను ఇంగ్లండ్‌లో తయారుచేయించింది బెంగళూరులో పుట్టిన ఈ బిడ్డూనే. బెంగళూరు మన చిత్తూరు పక్కనే కదా! ఇది మొదటిసారి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

తెలుగులో పాప్ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రమణ గోగుల సినిమాలకు సంగీతం చేయకముందే తెలుగు పాప్ ఆల్బమ్ తెచ్చారు. 1998లో 'ప్రేమంటే ఇదేరా'తో ఆయన సినిమాల్లోకి వచ్చినప్పుడు ఆ గొంతు, ఆ గిటార్ కొత్తగా వినిపించడానికి కారణం అదే. గాయని స్మిత ప్రైవేట్ ఆల్బమ్‌లు కూడా వెతికి వినండి. సినిమా ఊతం లేకుండా తెలుగు పాట నిలబడగలదని చూపించినవాళ్లు వీళ్లు. తగినంత గుర్తింపు రాలేదని నాకు గట్టి బాధ.

మీ ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నాయని కూడా రాశారు కాబట్టి రెండు జాగ్రత్తలు. రీల్ మీద తెల్లగా బూజు కనిపిస్తే ఆడించకండి. ఆ బూజు టేప్‌రికార్డర్‌లోకి, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. పాట మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే రీల్ పోయిందని పారేయకండి. క్యాసెట్ కింది అంచు మధ్యలో, చిన్న రేకు మీద వేలిగోరంత మెత్తటి ప్యాడ్ ఉంటుంది. టేప్‌రికార్డర్‌లో రీల్ మీది పాటను చదివే భాగమైన హెడ్‌కు రీల్‌ను ఆనించి పట్టేది అదే. జిగురు ఎండిపోయి అది ఊడిపోతే సన్నని శబ్దాలన్నీ మాయమవుతాయి. స్క్రూలున్న క్యాసెట్ అయితే జాగ్రత్తగా విప్పి, పనికిరాని వేరే క్యాసెట్‌లోని ప్యాడ్ తీసి పెట్టొచ్చు. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. టేప్‌రికార్డర్ లోపల చక్రాలు తిప్పే బెల్టు సాగిపోయి ఉంటే పాత మెకానిక్‌ను పట్టుకోవాల్సిందే. మన ఊళ్లో ఇంకా ఉన్నారు, అడిగితే దొరుకుతారు. కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటప్పుడు ముందు శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలుగా దాచుకోండి, ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు.

ఎక్కించినదాన్ని మాత్రం అందరికీ పంచిపెట్టకండి. మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌కు 60 ఏళ్ల కాపీరైట్ ఉంది, 1995 ఆల్బమ్‌కు 2055 చివరిదాకా ఉంటుంది. మేం కలిసి కూర్చుని వింటాం, కార్డుల ఫోటోలు చూసుకుంటాం, అంతే.

రీమిక్సుల మీద వాదనలు వస్తాయి, అభిమాన గాయకుల మీదా వస్తాయి. వాటికి సాయంత్రం అంతా ఇవ్వకండి. పాట నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదన్న ఒక్క కట్టుబాటు మేం పెట్టుకున్నాం, సగం గొడవలు దానితోనే పోయాయి.

మీరు వచ్చేటప్పుడు మీకు బాగా నచ్చిన ఒక్క పాట చెప్పండి చాలు, మొదట అదే పెడతాం. అలీషా ఒరిజినల్ క్యాసెట్ మా దగ్గర ఉంది, కార్డుతో సహా. నాజియా హసన్‌ది మాత్రం ఎంత వెతికినా కార్డున్న ఒరిజినల్ దొరకలేదు. మీ ఇంట్లో పెట్టెలు తీసినప్పుడు అది ఉందేమో కాస్త చూసి చెప్పండి.