మణికట్టు నొప్పికి పదిహేడున్నర లక్షల మందు?

ప్రశ్న: నా వయసు 39. సొంతూరు అనంతపురం. బెంగళూరులో ఉద్యోగం, బెళ్లందూరులో నివాసం. పన్నెండేళ్లుగా స్పోర్ట్స్ బైకులే నడుపుతున్నాను. మొదట సీబీఆర్ 250, తర్వాత ఆర్‌సీ 390, 2019 నుంచి కవాసాకీ జెడ్‌ఎక్స్-6ఆర్. ఇప్పుడు గంటసేపు నడిపితే చాలు, మణికట్లు, నడుము పట్టేస్తున్నాయి. ఊరికి వెళ్లేటప్పుడు బాగేపల్లి టోల్ దగ్గర ఆగి చేతులు విదిలించుకోవలసి వస్తోంది. హాయిగా కూర్చోగలిగే బండి కావాలి, శక్తిలో మాత్రం రాజీ పడలేను. నింజా 1100ఎస్‌ఎక్స్ నచ్చింది. అన్నీ కలిపి 17.5 లక్షలన్నారు. నా పాత బండికి 6.5 లక్షలు ఇస్తారట. మిగతా 11 లక్షలకు 11.5 శాతం వడ్డీతో నాలుగేళ్ల రుణం తీసుకుందామని ఉంది. సుమారు 10.8 లక్షలకు వెర్సిస్ 650, 5.2 లక్షలకు సూపర్ మీటియర్ 650 కూడా చూశాను. నెలకు చేతికి వచ్చేది 1.90 లక్షలు. ఇంటి రుణం వాయిదా 61 వేలు, ఇంటి ఖర్చు 65 వేలు, పాప చదువుకు 15 వేలు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) 30 వేలు. ఎఫ్‌డీలో 3.5 లక్షలున్నాయి. జీవిత బీమా కంపెనీ ఇచ్చిందే. మా ఆవిడ రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసింది. సిప్‌ను సగానికి తగ్గించి ఈ బండి కొనవచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంతో పాటు (పైన దాన్ని కుదించి ఇచ్చాం) పంపిన కాగితాలన్నిటిలో నాకు బాగా ఉపయోగపడింది సర్వీసు పుస్తకం ఫొటో. 2019 నుంచి ఇప్పటివరకు బండి తిరిగింది 21,000 కిలోమీటర్లు. అందులో 15,500 మొదటి మూడేళ్లలోనే అయిపోయాయి. తర్వాతి మూడేళ్లకూ కలిపి 5,500. మీ మనసు ఎంత ఉబలాటపడినా మణికట్లు ఒప్పుకోవడం లేదని ఆ అంకెలే చెబుతున్నాయి. కాబట్టి బండి మార్చాలన్న మీ ఆలోచనతో నాకు పేచీ లేదు. దానికి మీరు ఎంచుకున్న దారితోనే పేచీ.

ముందు పాత బండి లెక్క చూద్దాం. బిల్లు ప్రకారం అప్పట్లో మీకైన ఖర్చు 12.7 లక్షలు. ఇప్పుడు వచ్చేది 6.5 లక్షలు. ఆరేళ్లలో 6.2 లక్షలు కరిగిపోయాయి, అంటే కిలోమీటరుకు దాదాపు 30 రూపాయలు. పెట్రోలు, టైర్లు, బీమా ఇందులో లేవు. బండి కదిలిన ప్రతి కిలోమీటరుకూ దర్శిని హోటల్లో నిలబడి ఒక కాఫీ తాగి, చిల్లర అక్కడే వదిలేసి వచ్చినట్టు. సరదాకు ఖర్చు పెట్టడం తప్పని నేననను. ఎంత పెడుతున్నారో తెలిసి పెట్టండి.

ఇప్పుడు కొత్త బండి ధరలో ఏముందో చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బైకుల మీద జీఎస్‌టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. పన్నుకు ముందు పది లక్షలుండే బండి షోరూములో 14 లక్షలవుతుంది. ఆ 14 లక్షల మీద కర్ణాటక జీవితకాలపు పన్ను 18 శాతం, అంటే ఇంకో రెండున్నర లక్షలు. ఆ పన్ను మీద సెస్సు, ఆపైన బీమా. పది లక్షల యంత్రానికి ఆరున్నర లక్షల పన్ను! రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు ఇంజిన్ చూస్తాడు, టైర్లు చూస్తాడు, కిలోమీటర్లు చూస్తాడు. మీరు కట్టిన పన్ను రసీదు వైపు కన్నెత్తి కూడా చూడడు.

ఒక విచిత్రం చెప్పాలి. సరిగ్గా అదే రోజు నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా పాలసీల మీద 18 శాతంగా ఉన్న జీఎస్‌టీని పూర్తిగా తీసేశారు. మీ ఉత్తరంలో బైకు గురించి ఇరవై వాక్యాలున్నాయి, బీమా గురించి ఒక్కటే ఉంది. పెద్ద బైకు మీద వెళ్లే మనిషి, ఒక్క సంపాదన మీద నడిచే ఇల్లు, చిన్న పాప, ఇంకా తీరని ఇంటి రుణం. ఇన్నిటికీ అండ కంపెనీ పాలసీ ఒక్కటే. ఉద్యోగం మారిన రోజే అది పోతుంది. కోటిన్నరకు తగ్గకుండా సొంత టర్మ్ పాలసీ (పాలసీ కాలంలో మనిషి పోతేనే డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి. ఏ బండి కొన్నా, అసలు కొనకపోయినా, ఈ పని మాత్రం ముందు జరగాలి. దరఖాస్తులో ప్రమాదకరమైన సరదాల గురించి అడుగుతారు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు ఏటా వెళ్లేవాడినని రాశారు కదా, అది దాచకండి. బండి బీమా అయితే రేసుల్లో జరిగిన నష్టాన్ని ఇవ్వనే ఇవ్వదు.

ఇక రుణం. 11 లక్షలకు నాలుగేళ్లపాటు వాయిదా దాదాపు 28,700 రూపాయలు. వడ్డీయే 2.77 లక్షలు. మీ ఖర్చులన్నీ పోను నెలకు మిగిలేది 19 వేలు. లోటు పూడ్చడానికి సిప్‌లో 15 వేలు కోస్తానంటున్నారు. ఏడాదికి 10 శాతం పెరుగుతుందనుకుంటే (అనుకోవడమే సుమా, హామీ కాదు) ఆ 15 వేలు నాలుగేళ్లకు 8.8 లక్షలవుతాయి. ఆ మొత్తాన్ని కదపకుండా అదే రేటున మరో పదిహేనేళ్లు ఉంచితే 36 లక్షలు దాటుతాయి. అప్పటికి మీకు 58 ఏళ్లు. మరోపక్క మీ ఎఫ్‌డీ చూస్తే నాకు గుబులుగా ఉంది. వాయిదా, ఇల్లు, బడి కలిపి నెలకు 1.41 లక్షలు కావాలి. 3.5 లక్షలు రెండున్నర నెలలకే సరిపోతాయి. బయటి వలయ రహదారి పక్కనున్న ఆ అద్దాల భవనాల్లో ఉద్యోగం ఎంత నిలకడగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆరు నెలల ఖర్చు, అంటే 8.5 లక్షలు చేతిలో ఉండాలి. అందువల్ల 17.5 లక్షల బండి ఇప్పుడు వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మరి శక్తి సంగతి? బండి లోతుపాతులు మీకే ఎక్కువ తెలుసు, అయినా ఒక మాట. మీ జెడ్‌ఎక్స్-6ఆర్‌కు 130 హార్స్‌పవర్ ఉంది. కానీ దాని టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, పతాక స్థాయికి చేరేది 11,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఆ స్థాయి ఎప్పుడైనా చూశారా? వెర్సిస్ 650లో హార్స్‌పవర్ ఇందులో సగమే, టార్క్ మాత్రం 61 న్యూటన్ మీటర్లు, అదీ 7,000 దగ్గరే అందుతుంది. మీ బండిది 71. ఊళ్లో, లారీని దాటే చోట మనకు అనుభవంలోకి వచ్చే శక్తి అదే. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారిలో ద్విచక్ర వాహనాలకు కేంద్రం పెట్టిన హద్దు గంటకు 80 కిలోమీటర్లు. మీ బండి మొదటి గేరులోనే దాన్ని దాటేస్తుంది. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు నుంచి మనల్ని రానివ్వడం లేదు కూడా. 1100 సీసీ శక్తికి డబ్బు కట్టి, దాన్ని ఏ రోడ్డు మీద వాడతారు?

సూపర్ మీటియర్ చవకైనదే, రుణం లేకుండా వస్తుంది, పైగా 1.3 లక్షలు మిగులుతాయి. డబ్బు మనిషిగా నేను దానికే ఓటు వేయాలి. వేయలేకపోతున్నాను. క్రూయిజర్‌లో కాళ్లు ముందుకు చాపి కూర్చుంటారు కనుక మణికట్లకు హాయి. కానీ మీ బరువంతా నడుము కింద పడుతుంది, గతుకుల్లో వెనక సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలే దూరమూ తక్కువే. ప్రతి గతుకూ వెన్నెముకకే తగులుతుంది. మీకు నడుము నొప్పి కూడా ఉంది. 130 నుంచి 47 హార్స్‌పవర్‌కు దిగితే ఆరు నెలల్లో విసుగొచ్చి మళ్లీ అమ్ముతారేమోనన్న అనుమానం వేరే. అప్పుడు నష్టం రెండుసార్లు.

నాకు తోచింది ఇది. రెండు మూడేళ్ల వాడకంలో ఉన్న, ఒకే చేతిలో నడిచిన, కర్ణాటక రిజిస్ట్రేషన్ వెర్సిస్ 650 వెతకండి. నిటారుగా కూర్చోవచ్చు, వెనక మనిషికి సరైన సీటుంటుంది. మీ బండి వెనక సీటును మీ ఆవిడ ‘పీట’ అంటారని రాశారు కదా! జీవితకాలపు పన్ను మొదటి యజమాని కట్టేశాడు, కొత్త జీఎస్‌టీ భారం లేదు, నిట్టనిలువునా పడే తొలి తరుగుదలా ఆయన ఖాతాలోనే పోయింది. మొన్న ఆరు లక్షలు పోగొట్టుకునే వంతు మీది, ఈసారి ఆ వంతు ఇంకొకరికి వదిలేయండి. 6 లక్షలు మీ హద్దు. పాత బండి డబ్బులో మిగిలే 50 వేలు, నెలనెలా మిగిలే 19 వేలలో టర్మ్ ప్రీమియం పోను ఉన్నది ఎఫ్‌డీలో వేస్తే రెండున్నరేళ్లలోపే ఆరు నెలల నిధి నిండుతుంది. సిప్ జోలికి వెళ్లకండి. సీటు ఎత్తు 845 మిల్లీమీటర్లు, కొంచెం ఎక్కువే. రెండు పాదాలూ నేలకు ఆనుతాయో లేదో కూర్చుని చూడాలి.

అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక శనివారం పెట్టుబడి పెట్టండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే అద్దె బండ్లు బెంగళూరులో కావలసినన్ని. నిటారుగా కూర్చునే బండి ఒకటి తీసుకుని, ఆవిడను వెనక ఎక్కించుకుని లేపాక్షి వెళ్లి రండి, రానుపోను 240 కిలోమీటర్లు. బాగేపల్లిలో ఆగాలనిపిస్తుందో లేదో తెలుస్తుంది. నొప్పి అలాగే ఉంటే తప్పు బండిది కాదు, అప్పుడు వెళ్లవలసింది ఎముకల వైద్యుడి దగ్గరికి. ఆ ఫీజు ఏ బండి కన్నా తక్కువ.

కాగితాల విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. నా పాత స్కూటరు అమ్మి తాళాలిచ్చేశాక, కొన్నాయన ఏడాదిన్నర వరకు ఆర్‌సీ మార్చుకోలేదు. చలాన్లన్నీ నా ఫోనుకే వచ్చేవి. చలాన్లతో పోయింది కనుక సరిపోయింది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కాబట్టి డీలరుకే ఇచ్చినా యాజమాన్య బదిలీ పత్రాలైన ఫారం 29, 30 సంతకాలయ్యాక, బదిలీ పూర్తయిందని ఆన్‌లైన్‌లో మీ కళ్లతో చూసేదాకా వదలకండి.

2022లో సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్న బండి పక్కకు ఒరిగి ఫెయిరింగ్ (బండి ఒంటి మీది ప్లాస్టిక్ తొడుగు) పగిలితే 68 వేల బిల్లులో బీమా 37 వేలే ఇచ్చిందని వాపోయారు. జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు రక్షణ) లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. స్పోర్ట్స్ బైకు ఒంటినిండా ఉండేది ప్లాస్టిక్కే. వెర్సిస్‌కు కూడా కొంత ఉంది కనుక, అది మూడేళ్ల బండి అయినా జీరో డిప్రిసియేషన్ ఇచ్చే సంస్థను వెతికి తీసుకోండి. ఆ క్లెయిమ్ తర్వాత మూడేళ్లు శుభ్రంగా గడిచాయి కాబట్టి మీకు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది. అది బండిది కాదు, మీది. పాత బండి అమ్మగానే బీమా సంస్థ నుంచి ఆ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. మూడేళ్లలోపు ఎప్పుడు ఇంకో బండి కొన్నా చెల్లుతుంది.