హారికకు మామయ్య ఉత్తరం: కొత్తవాళ్ళ పని కొత్తవాళ్ళకే వదిలెయ్యి

చి. హారికకు,

మామయ్య ఆశీస్సులు. స్పెల్ చెకర్ ప్రాజెక్టు పగ్గాలు నీ చేతికిచ్చారనీ, వచ్చే నెల మీ పాత కాలేజీలో పిల్లల చేత మొదటి పాచ్‌లు (ప్రాజెక్టులో చేర్చమని పంపే మార్పులు) పంపించబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అదేం పనో తనకి పూర్తిగా తెలియకపోయినా గొంతులో సంబరం దాగలేదు. నాకూ గర్వంగానే ఉంది. కానీ అప్పట్నుంచీ మనసులో ఒకటి పీకుతోంది, అందుకే రాస్తున్నాను.

సెటప్ సంగతులు నీకు తెలిసినవే. కాలేజీ నెట్‌వర్కులో 22వ పోర్టు మూసేసి ఉంటే హెచ్‌టీటీపీఎస్‌తో క్లోన్ చేయించు, అంటే ప్రాజెక్టు నకలు దింపించు. కోడ్ ఉంచే గిట్‌హబ్ 2021 ఆగస్టు నుంచి అక్కడ పాస్‌వర్డు ఒప్పుకోవడం లేదు కాబట్టి దాని బదులు వాడే టోకెన్లు ముందురోజే తీయించు. లేకపోతే భోజనాల వేళ దాకా అక్కడే ఆగిపోతారు.

టీషర్టులు, సర్టిఫికెట్లు ఆశ పెట్టకు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి సాయం చేయించే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకి (మార్పు చేర్చమనే వినతులకి) టీషర్టు అనేసరికి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీలో ఒక మాట అటూ ఇటూ మార్చినవి కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఇష్టపడి చేరిన ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయని అక్టోబరు మొదటి వారంలోనే నియమం మార్చుకోవాల్సి వచ్చింది. మన దేశం పిల్లలు చాలా మాటలు పడ్డారు. వాళ్ళకి బహుమతి చూపించిన పెద్దలు పని చూపించలేదు. నువ్వు చూపించు. మన స్పెల్ చెకర్ పదాల జాబితాలో లేని మాటలు ఆ పిల్లల ఇళ్ళలో బోలెడు ఉంటాయి.

ఇక అసలు సంగతి. నువ్వింకా బడికి పోయే రోజుల్లో, నేనున్న ఒక పదాల ప్రాజెక్టులోకి ఒక తెలుగు మాస్టారు వచ్చారు. ప్రోగ్రామింగ్ రాదు. చేనేత మాటలు పోగుచేసి పంపారు: పడుగు, పేక, ఆసు, కండె, నాడె. అందులో తప్పులున్నాయి. హన్‌స్పెల్ అనే స్పెల్ చెకర్‌కి మాటల జాబితా అయిన డిక్ ఫైల్లో మొదటి వరసలో మాటల లెక్క ఉంటుంది కదా, ఆ అంకె మార్చలేదు. కండె అని ఒక్కసారి రాసి, స్లాష్ తరవాత గుర్తు పెట్టి, మిగతా రూపాలు ప్రత్యయాల నియమాలుండే అఫ్ ఫైలుకి వదలాలని తెలియక కండెను, కండెతో, కండెలు అన్నీ విడివిడిగా రాసేశారు.

ప్రాజెక్టు బాధ్యత చూసే అప్పటి మెయింటెయినర్ మంచివాడే. విసుక్కోలేదు, ఒక్క మాట అనలేదు. ఒక రాత్రి కూర్చుని అన్నీ తనే సరిచేసి, తన పేరుతో కమిట్ చేసి (ప్రాజెక్టులో నమోదు చేసి), మాస్టారు పంపినదాని కింద ‘పూర్తయింది, ధన్యవాదాలు’ అని రాసి మూసేశాడు. కొన్నాళ్ళకి మాస్టారు అడిగారు: ‘నావి ఏమయ్యాయండీ? తప్పులెక్కడో చెబితే దిద్దుకుంటాను.’ పని అయిపోయింది కదా అని ఎవరూ జవాబివ్వలేదు. తన దగ్గర వ్యవసాయం మాటల నోటుపుస్తకం ఒకటుందని ఆయన మొదట్లోనే రాశారు. అది మా దాకా రాలేదు.

కసిరి పంపేస్తే కనీసం నలుగురూ చూస్తారు, ఎవరో ఒకరు అడ్డుపడతారు. ఇలా వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళారని కూడా ఎవరికీ తెలియదు. నా భయం అదే, ఎందుకంటే నీ గుణం నాకు తెలుసు. తమ్ముడికి లెక్కలు చెప్పమంటే వాడి నోటుపుస్తకంలో నువ్వే చేసి పెట్టేదానివి. వాడిమీద ప్రేమతోనే అనుకో. కానీ పరీక్షలో ఏడ్చింది వాడు! ఈ పిల్లల దగ్గర ఆ పని చెయ్యకు తల్లీ.

తప్పు ఎక్కడుందో చూపించి, ఎందుకు తప్పో చెప్పి, దిద్దడం వాళ్ళకి వదిలెయ్యి. నువ్వు పది నిమిషాల్లో చేసేది వాళ్ళకి పది రోజులు పట్టనీ. తప్పక నువ్వే సరిచేయాల్సి వస్తే, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఆథర్ వేరు, కమిటర్ వేరు అని మరిచిపోకు. రాసింది ఒకరు, చేర్చింది ఇంకొకరు అయినప్పుడు ఇద్దరి పేర్లూ నిలవడానికే ఆ ఏర్పాటు. ఇద్దరూ కలిసి రాస్తే కమిట్ సందేశం చివర ఇద్దరి పేర్లూ చూపే కో-ఆథర్డ్-బై వరస పెట్టు. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆ పిల్లలు చూపించుకునేది ఆ ఒక్క వరసే కావచ్చు.

జవాబు మాత్రం ఆలస్యం చెయ్యకు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లాలో లెక్క తీస్తే, మొదటి పాచ్‌కి 48 గంటల్లో రివ్యూ అందినవాళ్ళు మళ్ళీ వచ్చారు, వారం దాటినవాళ్ళు దాదాపు రాలేదు. ‘చూశాను, ఆదివారం తీరిగ్గా చదువుతాను’ అని ఒక ముక్క రాసినా చాలు. అలాగని రాత్రి రెండింటిదాకా కూర్చుంటే ఊరుకోను. ఆ 48 గంటల్లో నీ నిద్ర కూడా ఉంది. మీ అమ్మ నాకు అన్నీ చెబుతుంది.

తెలుగు టైపింగ్ రాని పిల్లలు సగం మంది ఉంటారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పడానికి ఒక మనిషి కావాలంటే తేదీ చెప్పు, ముందురోజు సాయంత్రానికే గుంటూరు నుంచి వచ్చేస్తాను.

మీ మామయ్య