స్కాలర్‌షిప్ పెరుగుతుందన్న నమ్మకంతో అప్పు చేయకండి

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. ఏడాదికి ట్యూషన్ 48,000 డాలర్లు, వసతి, భోజనం వగైరా 18,000. ఏటా 24,000 స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. కాలేజీలో 2,000 మంది విద్యార్థులు, 10 కోట్ల డాలర్ల ఎండోమెంట్ (దాతలిచ్చిన శాశ్వత నిధి) ఉన్నాయి కాబట్టి మంచి మార్కులొస్తే ఇంకా పెంచుతారని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నా జీతం చేతికి 1.4 లక్షలు. 14 లక్షల ఎఫ్‌డీలు తీసేసి, రెండు రూపాయల వడ్డీకి 24 లక్షలు తెచ్చి మొదటి ఏడాది గట్టెక్కి, తర్వాత ఫ్లాట్ తాకట్టు పెడదామనుకుంటున్నాను. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండీ. ఇదే పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఎండోమెంట్ సంగతి. అసలు మొత్తాన్ని ముట్టుకోరు, ఏటా అందులో నాలుగున్నర, ఐదు శాతం దాకా మాత్రమే వాడతారు. 10 కోట్లలో నాలుగున్నర శాతం 45 లక్షల డాలర్లు. 2,000 మందికి పంచితే తలకు 2,250. అందులోనూ చాలా భాగం దాతలు ఫలానా కోర్సుకు, ఫలానా ప్రొఫెసర్ పదవికి అని షరతుతో ఇచ్చినదే. మరి మీ 24,000 ఎక్కడిది? చాలావరకు అది ఫీజులో తగ్గింపు. 48,000 అని ధర పెట్టి సగం వదులుకుంటారు, విద్యార్థులు కట్టే మిగతా డబ్బుతోనే చాలావరకు కాలేజీ నడుస్తుంది. అమెరికా ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా చేరేవాళ్లకు ఈ తగ్గింపు సగటున ట్యూషన్‌లో సగానికి పైనే. సీటు నింపుకోవడానికి ఇచ్చిన తగ్గింపు అది. చేరిపోయాక పెంచాల్సిన అవసరం వాళ్లకుండదు.

ఫీజు మాత్రం పెరుగుతుంది. ఖర్చులన్నీ ఏటా 4 శాతం పెరిగి, స్కాలర్‌షిప్ 24,000 దగ్గరే ఆగితే, మీరు కట్టాల్సింది మొదటి ఏడు 42,000, నాలుగో ఏడు సుమారు 50,240 డాలర్లు. డాలర్ 90 రూపాయలనుకున్నా నాలుగేళ్లకు దాదాపు 1.66 కోట్లు. రూపాయి పడితే ఇంకా పైకి. 24 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 48,000, అసలులో పైసా తగ్గదు. చేతికొచ్చే జీతంలో మూడో వంతు దానికే పోతుంది! ఈ అప్పు ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

ఎఫ్‌డీలు ఖాళీ చేయడం అంతకన్నా ప్రమాదం. సెమిస్టర్ ఫీజు సమయానికి కట్టకపోతే రిజిస్ట్రేషన్ ఆపుతారు. పూర్తికాల విద్యార్థిగా నమోదు కాకపోతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాకే ముప్పు. జీతం రెండు నెలలు ఆగితే చాలు, పిల్లవాడు వెనక్కి రావాల్సి రావచ్చు. అందుకే పన్నెండు నెలల ఇంటి ఖర్చు, దానికి తోడు ఒక సెమిస్టర్ ఫీజు విడిగా ఉంచకుండా ఏ బాకీకీ సంతకం పెట్టకండి. 21,000 డాలర్ల లెక్కన సెమిస్టర్ ఫీజే 19 లక్షలు. మీ దగ్గరున్న 14 లక్షలు దానికే చాలవు, ఇంటి ఖర్చుల మాట దేవుడెరుగు. అంటే ఈ కాలేజీ మీ స్తోమతకు మించినది.

విద్యారుణం తీసుకున్నా ఆ మొత్తానికి మీ పేర టర్మ్ జీవిత బీమా పాలసీ ఉండాల్సిందే. ఇక్కడే డిగ్రీ చదివించి తర్వాత ఎంఎస్‌కు పంపడం కూడా ఆలోచించండి.

ఇంకా మనసు పీకుతుంటే కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసుకు ఈ ప్రశ్నలు మెయిల్ చేయండి: ట్యూషన్ పెరిగితే స్కాలర్‌షిప్ పెరుగుతుందా, జీపీఏ (మార్కుల సగటు) ఎంత తగ్గితే పోతుంది, ఎనిమిది సెమిస్టర్లు దాటితే ఇస్తారా? జవాబు రాతపూర్వకంగా రావాలి. విదేశీ విద్యార్థులకు కాలేజీ సగటున ఎంత ఇస్తోందో అది తన వివరాలతో ఇచ్చే కామన్ డేటా సెట్ అనే పత్రంలో హెచ్6 దగ్గర చూడండి. ఎండోమెంట్ నుంచి ఏటా ఎంత తీస్తున్నారో కాలేజీ అమెరికా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990లోని షెడ్యూల్ డిలో ఉంటుంది. సీటు ఖాయం చేసుకునే డిపాజిట్‌కు చాలా కాలేజీలు మే 1 గడువు పెడతాయి, కట్టాక సాధారణంగా వెనక్కి ఇవ్వరు. జవాబు చేతికొచ్చేదాకా కట్టకండి.