కోట పడిన మర్నాడు

బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 2003లో ఇరాక్ మీద అమెరికా చేసిన దండయాత్ర గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాసేవాళ్లు అరుదు. మార్చి 20న మొదలైన యుద్ధం ఏప్రిల్ 9కల్లా బాగ్దాద్‌ను ఎలా పడగొట్టిందో చక్కగా చెప్పావు. కానీ సద్దాం విగ్రహం కూలగానే కలం కింద పెట్టేశావు. అసలు కథ అక్కణ్ణుంచే కదా తల్లీ!

మే 16న అమెరికా పెట్టిన పాలనాధికారి పాల్ బ్రెమర్ సద్దాం పార్టీ అయిన బాత్ పార్టీ పెద్దలను ప్రభుత్వ కొలువుల నుంచి తీసేశాడు. వారం తిరిగేసరికి, మే 23న, సైన్యాన్నే రద్దు చేశాడు. తుపాకి పట్టడం తప్ప వేరే పని తెలియని లక్షల మందికి ఒక్క సంతకంతో జీతం ఆగిపోయింది. జూన్‌లో జీతాలడగడానికి వచ్చిన మాజీ సైనికుల మీద కాల్పులు జరిగి ఇద్దరు పోయారు. భత్యం ప్రకటించింది ఆ తర్వాతే. ఆ నెలరోజులూ ఒక సిపాయి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? అది రాయి. తర్వాతి తిరుగుబాటుకు ఇదొక్కటే కారణమనకు, ఇది లేకుండా మాత్రం రాయకు.

ఈసారి వస్తే కె.ఆర్. మార్కెట్ పక్కనున్న టిప్పు సుల్తాను కోటకు తీసుకెళ్తాను. 1791 మార్చి 21న ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన గోడ బద్దలుకొట్టి చొరబడిన చోట ఒక పలక ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత, 1799 మే 4న, టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడింది. టిప్పు పోయాక కంపెనీవాళ్లు మైసూరు పాత రాజవంశమైన ఒడయార్ల అయిదేళ్ల పిల్లవాణ్ణి గద్దెనెక్కించి, దివానుగా టిప్పు ఖజానా చూసిన పూర్ణయ్యనే పెట్టుకున్నారు. శిస్తు లెక్కలు తెలిసిన మనిషిని వదులుకోలేదు. సిపాయిల సంగతి వేరు. కొలువు పోయినవాళ్లు తిరుగుబాటుదారు ధోండియా వాఘ్ వెనక చేరారు. అతణ్ణి మట్టుబెట్టేసరికి కంపెనీ సేనాని ఆర్థర్ వెల్లెస్లీకి 1800 సెప్టెంబరు వచ్చింది.

ఈ పోలిక వాడుకో, కానీ జాగ్రత్త. కంపెనీ నిలబెట్టింది దేశాన్ని కాదు, ఏటా 7 లక్షల వరహాలు తనకు ముట్టే ఏర్పాటును. గెలిచినవాడి నేర్పు మెచ్చుకుంటూ పోతే, మనకు తెలియకుండానే వాడి పక్షాన నిలబడతాం. నీ వ్యాసంలో ‘విముక్తి’ అన్న మాట చాలాచోట్ల ఉంది. ప్రతిచోటా అది ఎవరి నోటి మాటో చెప్పు.

తిరగరాసి పంపు. ఈసారి ట్యాంకుతో కాదు, ఆ సిపాయి గడపలోంచి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు